జ్వరం దగ్గర కూర్చునే మనిషి

సాగర్ ఎడమ కాలువకు గండి పడిన ఏడు అది. హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఇప్పటికీ ఏ సంగతి అడిగినా ఆ వరదతోనే లెక్క చెబుతారు. వరదకు ముందు పెండ్లి, వరద పోయినాక కాన్పు, వరదలో కొట్టుకుపోయిన బర్రె. లియాఖత్ అలీ ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చి, పరుపులకని తెచ్చిపెట్టుకున్న దూది మూటలన్నీ తడిసి ముద్దయింది కూడా ఆ ఏడే.

తడిసిన దూది ఎండబెట్టడం కోడలి పని. అట్లా అని ఎవరూ చెప్పలేదు. నీళ్ళు తీసిన మర్నాడు అత్త మెహరాజ్ ఆకాశం వైపు చూసి "ఎండ మంచిగ కొడుతుంది" అన్నది, అంతే. రిజ్వానా మూటలు డాబా మీదికి మోసింది. ముద్దలు కట్టిన దూదిని వేళ్ళతో పొరలు పొరలుగా విప్పి పాత చీరల మీద పరిచింది. మబ్బు పడితే ఎత్తేది, ఎండ కాస్తే మళ్ళీ పరిచేది. చంకలో కొడుకు డానిష్, కొంగు పట్టుకుని కూతురు సబా. మధ్యలో కిందికి దిగి అన్నం వండేది, గోడలకు పట్టిన బురద కడిగేది. ఆ ఇంట్లో తయారైన పరుపును ఊరంతా లియాఖత్ పరుపు అంటారు. పెద్ద సూదితో ఇటు నుంచి అటు పొడిచి దానికి టాకాలు వేసేది రిజ్వానా అని ఎవరికీ తెలియదు. చుట్టాలెవరైనా వచ్చి "కోడలు ఏం పని చేస్తది?" అని అడిగితే అత్త వెంటనే చెప్పేది. "ఏం జేస్తది, ఇంట్లనే ఉంటది."

ఆ డాబా మీదికే వచ్చింది ఆశా కార్యకర్త ప్రమీలమ్మ, మెట్లెక్కి రొప్పుకుంటూ.

"మన గల్లీ యాదమ్మ మనుమరాలికి తట్టు లేసింది, ఇన్నవా? స్నిగ్ధకు. ఒళ్ళంత ఎర్రగ పేలి, ఊపిరి ఆడక ఎగపోస్తుంటే పొద్దుగాల నల్గొండ తీస్కపోయిన్రు. మీ డానిష్‌కు పది నెలలాయె. ఇగనన్న తట్టు సూది ఏపియ్యరాదే బిడ్డా."

రిజ్వానా చేతిలో దూది అట్లాగే ఆగింది. స్నిగ్ధ నిన్నమొన్నటి దాకా ఈ మెట్ల మీదే సబాతో ఆడింది.

"జరమొస్తదా?" అని అడిగింది.

"అయ్యో, ఏంగాదు తల్లీ. ఏంగాదు."

ఆ మాటకే రిజ్వానా మొహం తిప్పుకుంది. సబాకు వేరే సూది వేయించినప్పుడు కూడా ప్రమీలమ్మ ఇదే మాట అన్నది. ఏంగాదు. ఆ సాయంత్రానికే సబా ఒళ్ళు పెనంలా కాలింది. కళ్ళు పైకి తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నది. భర్త అఖీల్ పిల్లను భుజాన వేసుకుని చెప్పులు కూడా లేకుండా డాక్టరు దగ్గరికి ఉరికాడు. వాళ్ళు అక్కడికి చేరేసరికే సబా తేరుకుని ఏడుస్తున్నది. జ్వరం ఎక్కువైతే కొందరు చిన్నపిల్లలకు ఫిట్స్ వస్తాయి, భయం లేదు అని ఆ డాక్టరు చెప్పి పంపాడు. ఆ మాట ఆసుపత్రి గేటు దాకా కూడా నిలవలేదు. ఇంటికొచ్చేసరికి అది సూది చేసిన పని అయింది.

ఆ తర్వాత జరిగింది రిజ్వానా ఎన్నడూ మరచిపోలేదు. పిల్లను చూడటానికి చుట్టాలొచ్చారు. వాళ్ళందరికీ వండుతూ ఆమె పొయ్యి దగ్గర ఉంది. ఆ వేళ అత్త, అఖీల్ కలిసి సబాను బండి మీద పక్క ఊరికి తీసుకుపోయారు. అక్కడొక ముసలమ్మ ఫిట్స్‌కు సురుకు పెడుతుంది. గాజుముక్క ఎర్రగా కాల్చి పొట్ట మీద వాత పెడుతుంది. తిరిగొచ్చిన పిల్ల గొంతు పోయి ఉంది. గౌను ఎత్తి చూస్తే బొడ్డు పైన రెండు గీతలు, ఇంకా తడి ఆరనివి. "ఇగ జన్మల ఫిట్సు రావు, ఫికర్ జెయ్యకు" అన్నది అత్త. అక్కడ కూర్చున్న చుట్టాలు, మంచి పని చేశారన్నారు. రిజ్వానా వాళ్ళకు అన్నం వడ్డించింది. ఆ పుండు చీము పట్టి మానేదాకా రోజూ కడిగి మందు రాసింది ఆమే. తొడ మీద సూది గుర్తు ఆ వారంలోనే మాసిపోయింది. సురుకు గుర్తు పిల్లతోపాటే పెరుగుతున్నది.

అయినా గల్లీలో తిరిగింది సూది కథే. నల్లా దగ్గర, పెండ్లిళ్ళలో, ఎవరైనా పిల్లలను టీకాకు తీసుకుపోతున్నారంటే చాలు, మెహరాజ్ చెప్పేది. "మా సబాకు ఏమైందో ఎరుకనా?" కథ చెప్పడంలో ఆమెది మంచి నేర్పు, విన్నవాళ్ళకు ఒళ్ళు జలదరించేది. ఆ గల్లీలో చాలామంది తల్లులు ఆ కథ విని పిల్లలను ఎత్తుకుని వెనక్కి తిరిగినవాళ్ళే. సురుకు సంగతి మాత్రం ఆ కథలో ఉండేది కాదు.

మర్నాడు డానిష్‌కు జలుబు చేసిందని చెప్పి రిజ్వానా సర్కారు దవాఖానకు పోయింది. పిలగాడికి జలుబు లేదు. డాక్టరు సుచరిత అని కొత్తగా వచ్చినామె. రిజ్వానా బల్ల మీద పిల్లవాణ్ణి కూర్చోబెట్టి సూటిగా అడిగింది.

"మేడం, తట్టు సూది ఏపిస్తే ఏమైతది? ఏంగాదు అని మాత్రం చెప్పకున్రి. గా మాట ఒకసారి ఇన్న."

డాక్టరమ్మ రాస్తున్న కలం పక్కన పెట్టింది. సబా సంగతంతా అడిగి తెలుసుకుంది. తర్వాత నిదానంగా చెప్పింది. "జ్వరం రావచ్చు. అక్కకు వచ్చాయి కాబట్టి వీడికి ఫిట్స్ వచ్చే అవకాశం మిగతా పిల్లలకంటే కొంచెం ఎక్కువ. ఎక్కువన్నా చాలామందికి రావు. వచ్చినా మెదడు దెబ్బతినదు, కాసేపటికి తగ్గిపోతుంది. చూడటానికి మాత్రం భయంకరంగా ఉంటుంది, అది నేను కాదనను. ఇంకోటి, ఈ సూదికి జ్వరం వస్తే వెంటనే రాదు, వారం దాటాక వస్తుంది. అందరూ మరిచిపోయాక."

"సూది ఏపియ్యకుంటే?"

"తట్టు అంటుకోకపోతే ఏమీ కాదు. మీ గల్లీలో అంటుకుంది. దానితో వచ్చే జ్వరం దీనికన్నా చాలా ఎక్కువ. ఊపిరితిత్తులకో మెదడుకో పాకితే మా చేతుల్లో కూడా ఉండదు."

రిజ్వానాకు విచిత్రంగా అనిపించింది. భయపడాల్సిన మాటలే విన్నది, గుండె మాత్రం తేలికైంది. ఆమెకు పెండ్లయిన నాటి నుంచి ఎవరైనా ఒక సంగతిని రెండు వైపులా ఆమె ముందు పెట్టి, నువ్వు ఆలోచించుకో అన్నది ఇదే మొదటిసారి. ఫిట్స్ వస్తే ఏం చేయాలో ఒకటికి రెండుసార్లు అడిగి, చెప్పింది తిరిగి అప్పజెప్పింది. పక్కకు ఒత్తిగిల పడుకోబెట్టాలి. అదిమి పట్టుకోవద్దు. నోట్లో ఏమీ పెట్టవద్దు. గడియారం చూడాలి, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి ఉరకాలి. ఆగినా ఒకసారి తెచ్చి చూపించాలి.

"శనివారం సూదులుంటాయి. ఇంట్లో అడిగి తీసుకురా" అన్నది డాక్టరమ్మ.

"అడిగి కాదు మేడం. చెప్పి తీస్కొస్త" అన్నది రిజ్వానా.

దొంగతనంగా వేయించడం తేలికే. ఎవరికీ తెలియదు. తోవ పొడుగునా ఆమె దాని గురించి ఆలోచించింది. తెలియకుండా వేయిస్తే ఫిట్స్ వచ్చినప్పుడు నేరం కూడా తెలియకుండానే మోయాలి. పిల్లకు సురుకు పెట్టినవాళ్ళు అందరి ముందర పెట్టారు. టీకా వేయించేదాన్ని నేనెందుకు చాటుగా పోవాలి?

ఆ సాయంత్రం అన్నాల దగ్గర చెప్పింది. చారు పోస్తూ, ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే చెప్పింది.

"శనివారం డానిష్‌కు తట్టు సూది ఏపిస్తున్న."

అఖీల్ చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఏందీ?"

"సబాకైంది మర్సిపోయినవా?" అన్నది అత్త. "పది పాసైతే గింత తెలివొస్తదని నాకెరుక లేకపాయె. మా ముగ్గురు పిల్లలు ఏ సూది లేకుండనే గోడల్లెక్క పెరిగిన్రు."

"నలుగురు" అన్నాడు మామ లియాఖత్ అలీ.

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన పళ్ళెంలోనే చూస్తున్నాడు. ఆ మనిషి మాట్లాడేదే తక్కువ. పరుపు ధర కూడా వేళ్ళతోనే చూపిస్తాడు. అఖీల్‌కూ అతని అక్కకూ నడుమ ఒక ఆడపిల్ల పుట్టిందని, నడక వచ్చే వయసులో తట్టుతో పోయిందని రిజ్వానా ఏనాడో యాదమ్మ నోట విన్నది. ఆ ఇంట్లో మాత్రం ఆ పిల్ల పేరు ఎవరూ పలకగా వినలేదు. మెహరాజ్ కొంగుతో మూతి తుడుచుకుని లేచి, తినకుండానే లోపలికి పోయింది. ఆమె కథలన్నిటి కింద చెప్పని కథ ఒకటి ఉందని రిజ్వానాకు ఆ క్షణాన తెలిసింది. ఆమె మీద కోపం పోలేదు, కానీ ఆ కోపం పక్కన ఇంకోటి కూడా వచ్చి కూర్చుంది.

అఖీల్ గొంతు తగ్గించాడు. "నువ్వు చూడలే రిజ్వానా. నా భుజం మీద గిలగిల కొట్టుకుంట సచ్చిపోయిందనుకున్న. మళ్ళ గది చూసే ధైర్యం నాకు లేదు."

అతను అబద్ధం చెప్పలేదు. ఆ రోజు అతని అరికాళ్ళలో దిగిన ముళ్ళు తీసింది ఆమే. ఇంకోనాడైతే ఈ మాటకు కరిగి ఊరుకునేది.

"నీకు లేదంటివి. నాకు లేదంటే నడుస్తదా?" అన్నది. "సబాకు జరమొచ్చినన్ని రోజులు ఎవరు కూసున్నరు? సురుకు పుండు ఎవరు కడిగిన్రు? రేపు వీనికి సూదికి జరమొచ్చినా నేనే కూసుంట, తట్టొచ్చినా నేనే కూసుంట. మరి ఏ జరానికి కూసోవాల్నో నేను చెప్పొద్దా? జరం దగ్గర కూసునేటోళ్ళే చెప్పాలె."

అఖీల్ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. సరే అనలేదు, వద్దు అని కూడా అనలేదు. లియాఖత్ అలీ చేయి కడుక్కుని తన పళ్ళెం తానే తీసి గిన్నెలు తోమే జాలారు దగ్గర పెట్టాడు.

శనివారం రిజ్వానా పిలగాణ్ణి తీసుకుపోయి సూది వేయించుకొచ్చింది. ఆ సాయంత్రం మెహరాజ్ డానిష్ పక్కన తాళంచెవుల గుత్తి పెట్టుకుని కూర్చుంది. ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టాలని వాళ్ళ నమ్మకం. జ్వరం రాలేదు. మర్నాడూ రాలేదు. పిలగాడు పాకుతూ పోయి దూదిలో దొర్లి, మీసాలొచ్చినవాడిలా తిరిగొచ్చాడు. అఖీల్ నవ్వాడు. "ఊకెనే భయపడితిమి" అన్నాడు. రెండు రోజులకు మెహరాజ్ కూడా తాళాలు నడుముకు చెక్కుకుంది. ఇంట్లో అందరూ ఆ సంగతి మరిచారు.

రిజ్వానా ఒక్కతే మరవలేదు. అసలు రోజులు ఇప్పుడే మొదలవుతాయని ఆమెకు తెలుసు. ఒక చేత్తో పరుపుకు టాకాలు వేస్తూ రెండో చేయి పిలగాడి నుదురు మీద పెట్టేది. నల్లా దగ్గర బిందె నిండే లోపు ఇంట్లోకి ఒకసారి వచ్చి చూసిపోయేది. ఎండకు నుదురు కాస్త వెచ్చబడినా వాణ్ణి నీడకు తెచ్చి మళ్ళీ పట్టుకు చూసేది. నేను తప్పు చేశానా? రోగంతో పిల్ల పోతే అల్లా రాత అంటారు, మా అత్తను ఇన్నేళ్ళలో ఎవరూ ఒక్క మాట అనలేదు, అనకూడదు కూడా. సూది వేయించినాక ఏమన్నా అయితే మాత్రం అది అల్లా రాత కాదు, నా తప్పు. చేయకుండా ఊరుకున్న తల్లిని ఎవరూ అడగరు. చేసిన తల్లిని బతికినన్నాళ్ళు అడుగుతారు. అందుకే గదా ఇంతమంది ఆడవాళ్ళు పిల్లలనెత్తుకుని వెనక్కి తిరిగారు. వాళ్ళు సూదికి భయపడలేదు, ఆ అడగడానికి భయపడ్డారు. నేను కూడా దానికే భయపడుతున్నాను. భయపడుకుంటనే వేయించాను. ఈ మాట చెప్పుకోవడానికి ఆ ఇంట్లో మనిషి లేడు. టాకా వెంట టాకా పడుతూనే ఉంది.

వారం తిరిగినాక, జుమ్మా నమాజుకు పోయినవాళ్ళు తిరిగొచ్చే వేళ, డానిష్ పాలు వద్దని మొహం తిప్పాడు. ఒళ్ళు పట్టుకుంటే కాలింది. రిజ్వానా డాక్టరమ్మ ఇచ్చిన జ్వరం మందు పోసి, గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచి ఒళ్ళు తుడుస్తున్నది. చూస్తుండగానే పిలగాడి చూపు ఒక దగ్గర నిలిచిపోయింది. ఒళ్ళు కట్టెలా బిగుసుకుని, చేతులు కొట్టుకోవడం మొదలైంది.

"యా అల్లా!" అని మెహరాజ్ తాళాలు దూసుకుని వచ్చింది. "పట్టుకో, చేతిల పెట్టు! ఉల్లిగడ్డ తే, చెప్పు తే!"

"తాళాలు ఆడ పెట్టు అత్తా" అన్నది రిజ్వానా. అరవలేదు. పిలగాణ్ణి చాప మీద పక్కకు ఒత్తిగిల పడుకోబెట్టి, దగ్గరున్న నీళ్ళ గిన్నె అవతలికి జరిపింది. "ఎవ్వరు ముట్టకున్రి. ఇడువున్రి వాన్ని." అఖీల్ గుమ్మంలో గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. ఆమె చూపు గోడ గడియారం మీదికీ పిలగాడి పెదవుల మీదికీ పోతూ వస్తూ ఉంది. గడియారంలో పెద్ద ముల్లు ఒక గీత దాటింది. రెండోది దాటబోతుండగా డానిష్ ఒళ్ళు వదులైంది. ఒక పెద్ద శ్వాస తీసుకుని, ఎవరో మొట్టికాయ వేసినట్టు ఏడుపు అందుకున్నాడు. ఇంటి మొత్తానికి ఊపిరి వచ్చింది ఆ ఏడుపుతోనే.

అఖీల్ కళ్ళు తుడుచుకుని బండి తాళం తీశాడు. "అమ్మా, నడు. ఆ ముసలమ్మ దగ్గరికి పోదాం. ఇప్పుడే సురుకు పెట్టిస్తే..."

రిజ్వానా డానిష్‌ను ఒడిలో పెట్టుకుని సబాను దగ్గరికి పిలిచింది. పిల్ల గౌను పైకెత్తి భర్త వైపు తిప్పింది.

"ఇది సూది చేసిందా, మనం చేసినమా?"

అతను ఆ రెండు గీతల వైపు చాలాసేపు చూశాడు. ఎన్నడూ చూడనట్టు చూశాడు. నిజానికి పిల్లకు స్నానం పోసేది అతను కాదు.

"బండి తియ్యి" అన్నది రిజ్వానా. "దవాఖానకు."

అతను తీశాడు. డాక్టరమ్మ చూసి, జ్వరం ఇంకొక రోజు ఉండొచ్చు, ఒంటి మీద ఎర్రగా పేలినా అది తట్టు కాదు, భయపడొద్దు అన్నది. రిజ్వానా వైపు చూసి "బాగా చేశావు" అని కూడా అన్నది. అంతమందిలో ఆ మాట విని రిజ్వానాకు ఎటు చూడాలో తోచలేదు.

తెల్లారేసరికి డానిష్ నుదురు చల్లబడి ఉంది. పాలు తాగి ఆమె చేయి మీదే పడుకున్నాడు. లేస్తే వాడు లేస్తాడని రిజ్వానా కదలకుండా అట్లాగే ఉంది. లియాఖత్ అలీ చాయ్ తాగకుండానే తలకు రుమాలు చుట్టుకుని బయటికి నడిచాడు. ఈ పొద్దున్నే ఈయనకేమొచ్చిందని వంటింట్లోంచి మెహరాజ్ గొణిగింది.

పక్క ఇంటి తలుపు చప్పుడైంది. కిటికీలోంచి మామ గొంతు వినబడింది.

"అంజయ్యా. మా పిలగానికి తట్టు సూది ఏపిచ్చింది మా కోడలు. మేమొద్దన్నం. నిన్న జరమొచ్చింది. ఫిట్సు గూడ వచ్చింది. తగ్గింది. పాలు తాగిండు."

"మరి ఫిట్సొచ్చిందంటివి గదనే లియాఖతన్నా, గా సూది మంచిదెట్లయితది?" అని అంజయ్య గొంతు.

మామ ఒక్కో మాట కూడబలుక్కున్నాడు.

"స్నిగ్ధ ఇంక దవాఖాన్లనే ఉంది. నా బిడ్డ అయితే దవాఖాన దాక గూడ పోలే" అన్నాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

మామ అడుగులు ముందుకు పోయాయి. ఇంకో తలుపు. మళ్ళీ అవే మాటలు, ఒకటి కలపలేదు, ఒకటి తీయలేదు. మా కోడలు ఏపిచ్చింది, మేమొద్దన్నం. ఆయన ఏడాది మొత్తంలో మాట్లాడే మాటలు ఆ గల్లీ ఒక్క పొద్దులోనే విన్నది. భీమయ్య ఇంటి దగ్గర ఆ ఇంటి కోడలు హరిత కాబోలు, చంటిపిల్ల తల్లి, సన్నగా అడిగింది. "నాకు భయమయితది పెదనాయినా. నా పిల్లకు జరమొస్తే నేనేం జెయ్యాలె?"

"మా ఇంటికి రా" అన్నాడు లియాఖత్ అలీ. "రిజ్వానాను అడుగు. ఆమె ఎట్ల జెప్తే అట్ల జెయ్యి."

తర్వాత ఆ పక్క ఇంటి గొళ్ళెం కొట్టాడు.